సెల్‌ఫోనుకు తాళపుచెవి ఎవరిది? - ఒక పరిశీలన

మా తరగతిలో ఒకనాడు ఒక విద్యార్థిని వేసిన ప్రశ్న ఈ వ్యాసానికి కారణమైనది. "ఆండ్రాయిడ్ ఓపెన్ సోర్స్ అని, దాని కోడ్‌ను ఎవరైనా చూడవచ్చునని, మార్చుకొనవచ్చునని పాఠంలో ఉన్నది గదా సార్! మరి మా నాన్న దుబాయి నుండి పంపిన డబ్బుతో కొన్న ఫోనులో, నేను అడగకుండానే వచ్చి కూర్చున్న యాప్‌ను తీసివేయబోతే ఎందుకు పోవడం లేదు?" అని ఆమె అడిగినది. తరగతి నవ్వినది. మేమూ నవ్వినాము. అంతలో గంట కొట్టడంతో ఆనాటికి బయటపడ్డాము. కాని అది నవ్వి వదలిపెట్టదగిన ప్రశ్న కాదు. అందులో రెండు మాటలున్నవి. ఒకటి, తెరచి ఉన్నదని చెప్పబడిన వస్తువు ఆచరణలో ఎందుకు మూసి ఉన్నది? రెండవది, డబ్బు పెట్టి కొన్నవారికి ఆ వస్తువు మీద ఎంతవరకు అధికారం ఉన్నది?

మేడిపల్లి, కోరుట్ల, జగిత్యాల ప్రాంతంలో సెల్‌ఫోను ఇప్పుడు విలాస వస్తువు కాదు. గల్ఫ్‌లో ఉన్న తండ్రి ముఖాన్ని ఇంటివారికి చూపేది అదే. స్కాలర్‌షిప్ దరఖాస్తు, పరీక్షా ఫలితం, బ్యాంకు లెక్క, కిరాణా కొట్టు చెల్లింపు, అన్నీ దాని గుండానే జరుగుతున్నవి. అట్టి వస్తువు మీద ఆజ్ఞ ఎవరిదో తెలుసుకొనుట కంప్యూటర్ సైన్సు విద్యార్థులకు మాత్రమే సంబంధించిన విషయం కాదని మా అభిప్రాయం.

విషయంలోకి పోయే ముందు సిరిసిల్ల వైపు ఒకసారి చూద్దాము. అక్కడి మరమగ్గాల సంగతి మనకు తెలియనిది కాదు. మగ్గం ఆసామిది. కరెంటు బిల్లు కట్టేది ఆసామి. మగ్గం చెడిపోతే బాగు చేయించుకొనేదీ ఆసామియే. అయితే నూలు బీములు ఇచ్చేది యజమాని. నేసిన బట్టను తీసుకొనేది, అమ్మేది, మీటరుకు ఇంత అని కూలి కట్టేది యజమాని. బీము రాకపోతే మగ్గం ఆగిపోతుంది. కనుక మగ్గం ఎవరిది అని అడిగి ఊరుకుంటే అక్కడి వ్యవస్థ అర్థం కాదు; నూలు ఎవరి చేతిలో ఉన్నది, బజారు ఎవరి చేతిలో ఉన్నది అని కూడా అడుగవలెను. సెల్‌ఫోనును కూడా ఇదే విధంగా పొరపొరగా విప్పి చూడవలసి ఉన్నది. ఫోనుల తయారీదారులు ఇక్కడ ఆసాములు.

ఆండ్రాయిడ్ ఫోనులో అట్టడుగున లినక్స్ అనే కెర్నల్ ఉన్నది. యంత్రపు అవయవాలకు, పైన నడిచే కార్యక్రమాలకు మధ్య నిలిచి పని నడిపించేది కెర్నల్. 1991లో ఫిన్లాండ్ దేశంలోని హెల్సింకి విశ్వవిద్యాలయంలో చదువుకొంటున్న లినస్ టోర్వాల్డ్స్ దీనిని మొదలుపెట్టినాడు. అప్పటికి ఆయన విద్యార్థియే అన్న సంగతి మన విద్యార్థులు గమనించదగినది. ఈ కెర్నల్ జి.పి.ఎల్. అనే లైసెన్సు క్రింద ఉన్నది. 1983లో గ్నూ ఉద్యమాన్ని ప్రకటించిన రిచర్డ్ స్టాల్‌మన్ ఆలోచనల నుండి పుట్టిన లైసెన్సు అది. దాని సారాంశం ఇది: ఎవరైనా తీసుకొనవచ్చును, మార్చవచ్చును, పంచవచ్చును, అయితే మార్చి పంచినవాడు తాను మార్చిన కోడ్‌ను కూడా పంచవలెను. తీసుకొన్నవానికి ఉన్న హక్కు వాని తరువాతివానికీ ఉండవలెనన్నమాట.

దాని పైన ఉన్న పొర ఆండ్రాయిడ్. ఈ పేరు గల చిన్న సంస్థను గూగుల్ 2005లో కొన్నది. 2007 నవంబరులో ఫోను తయారీదారులను, ఇతర సంస్థలను ఓపెన్ హాండ్‌సెట్ అలయన్స్ అనే పేరుతో కూడగట్టి, ఈ వ్యవస్థను ఓపెన్ సోర్స్‌గా ఇస్తామని ప్రకటించినది. 2008లో మొదటి ఫోను వచ్చినది. ఈ పొరకు ఎక్కువగా వాడిన అపాచీ లైసెన్సు జి.పి.ఎల్. కంటె సడలింపు గలది. తీసుకొన్నవాడు తన మార్పులను దాచుకొనవచ్చును. ఫోను కంపెనీలకు అది నచ్చినది. కాని చివరకు కొనుగోలుదారునికి వచ్చేసరికి కోడ్ ఎక్కడ ఎట్లా మారినదో తెలియకుండా పోయినది.

ఇంతవరకు తెరచిన వాకిలియే. ఈ వాకిలి దాటిన తరువాత వచ్చేది మూడవ పొర. అందులో ప్లే స్టోర్, మాప్స్, యూట్యూబ్, జీమెయిల్ ఉన్నవి. వాటికంటె ముఖ్యంగా ప్లే సర్వీసెస్ అనే కంటికి కనిపించని భాగమున్నది. ఇవి గూగుల్ సొంతం. వీటి కోడ్ తెరచి లేదు. ఫోను ఎక్కడున్నదో యాప్‌కు చెప్పవలెనన్నా, వార్త రాగానే గంట మ్రోగించవలెనన్నా అనేక యాప్‌లు ఈ ప్లే సర్వీసెస్ మీదనే ఆధారపడి ఉన్నవి. ఇది లేని ఫోనులో పని చేయడానికి నిరాకరించే బ్యాంకు యాప్‌లు కూడా ఉన్నవి. కాబట్టి తెరచిన ఆండ్రాయిడ్‌ను తీసుకొని ఎవరైనా ఫోను చేయవచ్చునన్న మాట నిజమే. ఆ ఫోనును బజారులో ఎవరైనా కొంటారా అన్నది వేరే మాట. చైనాకు చెందిన హువావే కంపెనీ 2019లో ఈ పాఠాన్ని నేర్చుకొన్నది. అమెరికా ప్రభుత్వపు ఆంక్షల వలన ఆ సంవత్సరం నుండి దాని కొత్త ఫోనులకు గూగుల్ సేవలు అందకుండా పోయినవి. ఓపెన్ సోర్స్ భాగం మాత్రం ఆగలేదు, దానిని ఎవరూ ఆపలేరు కూడా. అయినా యూరపులో ఆ ఫోనుల అమ్మకం పడిపోయినది. బీము ఆగినది, మగ్గం ఆగినది.

మరి యజమాని బీము ఇచ్చేటప్పుడు పెట్టిన షరతులేమిటి? ప్లే స్టోర్ కావాలంటే దానితో పాటు గూగుల్ యాప్‌ల మూట మొత్తం తీసుకొనవలెను. వెదకే పెట్టెను ఫోను మొదటి తెర మీదనే పెట్టవలెను. తన ఫోనులలో గూగుల్ ఆమోదించని ఆండ్రాయిడ్ రూపాన్ని వాడరాదు. మా విద్యార్థిని ప్రశ్నకు సగం జవాబు ఇక్కడ ఉన్నది. ఆమె ఫోనులో తీసివేయరాని యాప్‌లలో కొన్ని ఈ ఒప్పందాల వలన వచ్చినవి. తక్కినవి ఫోను కంపెనీ డబ్బు తీసుకొని వేసినవి కావచ్చును.

ఈ షరతులను మన దేశంలో ప్రశ్నించినవారెవరో తెలిస్తే విద్యార్థులకు ఉత్సాహం కలుగుతుంది. 2018లో కాంపిటీషన్ కమిషన్ ఆఫ్ ఇండియా ఎదుట ఫిర్యాదు చేసినది ఏ పెద్ద కంపెనీయో కాదు, న్యాయశాస్త్రం చదివిన ముగ్గురు యువజనులు. ఆ ఫిర్యాదు మీద విచారణ నాలుగేండ్లు జరిగినది. 2022 అక్టోబరు 20న కమిషన్ గూగుల్‌పై 1,337.76 కోట్ల రూపాయల జరిమానా విధించి, ఒప్పందాలను మార్చుకొమ్మని పది ఆదేశాలిచ్చినది. అయిదు దినాలు గడవక ముందే, ప్లే స్టోర్‌లో చెల్లింపులన్నీ తన పద్ధతి ద్వారానే జరుగవలెనని పట్టుబట్టినందుకు మరొక 936.44 కోట్లు విధించినది. మన దేశంలోని స్మార్ట్‌ఫోనులలో నూటికి తొంభైఅయిదుకు పైగా ఆండ్రాయిడ్‌వే అన్న సంగతి ఈ ఆదేశాల వెనుక ఉన్నది. ఇతర దేశాలలో ఆండ్రాయిడ్ నచ్చనివారు ఐఫోను కొంటారు. మన బజారులో పదివేల రూపాయల ఫోను కొనేవానికి ఆ మార్గం లేదు.

2023 జనవరి 19న సుప్రీంకోర్టు మొదటి ఆదేశాన్ని నిలిపివేయడానికి నిరాకరించినది. ఆ నెలలోనే గూగుల్ మన దేశంలో తన షరతులను కొంత సడలించినది. యాప్‌ల మూట మొత్తంగా కాక విడివిడిగా ఇవ్వడానికి ఒప్పుకొన్నది. కాని 2023 మార్చి 29న అప్పీలు ట్రిబ్యునల్ జరిమానాను నిలిపి, పది ఆదేశాలలో నాలుగింటిని కొట్టివేసినది. కొట్టివేసిన ఆ నాలుగూ ఏవో చూడండి: ముందే వేసిన యాప్‌లను తీసివేసే వీలు కల్పించుట ఒకటి, ఇతర యాప్ దుకాణాలను ప్లే స్టోర్ ద్వారా పంచనిచ్చుట ఒకటి, దుకాణంతో పని లేకుండా నేరుగా యాప్ వేసుకొనుటకు అడ్డు పెట్టకుండుట ఒకటి, ప్లే సర్వీసెస్ అందించే సౌకర్యాలను ఇతరులకు నిరాకరింపకుండుట ఒకటి. మా దృష్టిలో సామాన్యునికి దగ్గరగా తగిలేవి ఇవే. జరిమానా ప్రభుత్వ ఖజానాకు పోతుంది. యాప్‌ను తీసివేసే వీలు మాత్రం ఫోను కొన్నవానికి వచ్చేది. రెండవ జరిమానాను కూడా 2025 మార్చి 28న ట్రిబ్యునల్ 216.69 కోట్లకు తగ్గించినది.

ఐఫోను సంగతి వేరు. ఆపిల్ కంపెనీ తెరచి ఉన్నానని ఏనాడూ చెప్పుకొనలేదు. 2008 జులైలో అయిదు వందల యాప్‌లతో దుకాణం తెరచిననాటి నుండి ఐఫోనుకు అదే ఏకైక ద్వారం. అమ్మకంలో నూటికి ముప్పై కంపెనీకి ముట్టవలెను, తరువాత చిన్న తయారీదారులకు దానిని పదిహేనుకు తగ్గించినారు. యూరపు దేశాలలో మాత్రం కొత్త చట్టం వలన 2024 మార్చిలో ఇతర దుకాణాలకు దారి ఇవ్వవలసి వచ్చినది. మన దేశంలో ఇట్టి చట్టం లేదు.

అక్షరాల సాక్ష్యం

ఇవన్నీ కంపెనీల తగవులు, కోర్టుల తగవులు, మనకేమిటి అని అనుకొనేవారికి ఒక అక్షరం కథ చెప్పవలెను. తెలుగు, ఉర్దూ రెండూ నడిచే మన కళాశాలలో ఇది చెప్పదగిన కథ.

2018 ఫిబ్రవరిలో ప్రపంచ పత్రికలన్నిటిలో ఒక తెలుగు అక్షరం గురించి వార్తలు వచ్చినవి. మన కవిత్వం గురించో, మన వ్యాకరణం గురించో కాదు. ఆ అక్షరం ఉన్న సందేశం వచ్చిన ఐఫోను స్తంభించిపోతున్నదని! జ్ఞానం అనే మాటలోని మొదటి అక్షరమే అది. జకు క్రింద ఞ వత్తు, తరువాత అక్షరాలను కలియనీయకుండా మధ్యన నిలిచే, కంటికి కనిపించని ఒక గుర్తు, ఆపైన దీర్ఘం. ఈ వరుసలో వచ్చినప్పుడు ఐఫోనులో అక్షరాలను కూర్చి చూపే భాగం తడబడి, సందేశాల యాప్ మూసుకొనిపోయేది. అది తెర మీద సూచనగా వస్తే ఫోను మొదటి తెరయే కూలిపోయేది. మామూలుగా జ్ఞానం అని వ్రాసుకొన్నవారికి ఏ ప్రమాదమూ లేదు, ఆ కనిపించని గుర్తు ఉంటేనే చిక్కు. కొంటెవాళ్ళు దానిని ఒకరికొకరు పంపుకొన్నారు. పత్రికలు దానికి టెక్స్ట్ బాంబు అని పేరు పెట్టినవి. జ్ఞానంలోని అక్షరానికి బాంబు అని పేరు రావడం చూసి ఆనాడు మాకు నవ్వు వచ్చినది, కొంత బాధా కలిగినది. తప్పు అక్షరానిది కాదు, దానిని చదువలేని యంత్రానిది.

ఆ తప్పును సరిదిద్దగలిగిన నిపుణులు ఆపిల్ బయట అనేకులు ఉన్నారు. వారు బయటినుండి పరీక్షించి, ఏ వరుసలో తప్పు జరుగుతున్నదో ఊహించి, బెంగాలీలోను దేవనాగరిలోను కూడా ఇట్టి వరుసలున్నవని కనుగొన్నారు. కాని ఆ భాగపు కోడ్ మూసి ఉన్నది. రోగం తెలిసినది, మందు తెలిసినది, గది తాళం మాత్రం మరొకరి దగ్గర ఉన్నది. ఫిబ్రవరి 19న ఆపిల్ 11.2.6 అనే సవరణను విడుదల చేసినది. న్యాయంగా ఒక మాట చెప్పవలెను: సవరణ కొద్ది దినాలలోనే వచ్చినది, ఐఫోనులన్నిటికీ ఒకేసారి అందినది. అదే ఆండ్రాయిడ్‌లో తప్పు దొరికితే కోడ్‌లో దిద్దుబాటు జరిగినా, మన చేతిలోని చౌక ఫోనుకు అది చేరుతుందన్న నమ్మకం లేదు. ఆ ఫోను కంపెనీ దయ చూపవలెను. మూసిన వ్యవస్థకు ఉన్న ఈ బలాన్ని కాదనడం విద్యార్థులకు తప్పు పాఠం చెప్పడమే అవుతుంది.

ఆండ్రాయిడ్‌లో కూడా తెలుగు మొదటినుండి లేదు. 2012లో వచ్చిన 4.1 రూపంతో గాని ఆ వ్యవస్థలో తెలుగు అక్షరాలకు చోటు దొరకలేదు. అంతకు ముందు చాలా ఫోనులలో తెలుగు పత్రిక తెరిస్తే వరుసగా గళ్ళు కనిపించేవి. ఒపేరా మినీ అనే బ్రౌజరులో ఒక లోపలి సెట్టింగు మార్చి, అక్షరాలను బొమ్మలుగా తెప్పించుకొని చదివిన రోజులు మాకు జ్ఞాపకమే. ఆ గళ్ళను ఆంగ్లంలో హాస్యంగా టోఫు అంటారు, సోయా పన్నీరు ముక్కల వలె ఉంటవి గనుక. ఈ గళ్ళు ఇక ఉండరాదనే సంకల్పంతో గూగుల్ తయారు చేయించి స్వేచ్ఛగా ఇచ్చిన ఫాంట్ల కుటుంబానికి నోటో అని పేరు. నో టోఫు అన్నమాట.

ఇక్కడ ఉర్దూ విభాగపు మిత్రులు తమ కథ చెప్పుకొనవచ్చును. ఉర్దూ పాఠకుని కన్ను నస్తాలీఖ్‌కు అలవాటు పడినది. ఆ లిపిలో మాట కుడి పైనుండి ఎడమ క్రిందికి వాలుగా దిగుతుంది. ఒక్కొక్క అక్షరం పక్కనున్న అక్షరాన్ని బట్టి రూపం మార్చుకొంటుంది. యంత్రానికి ఇది మహా కష్టం. 1981లో పాకిస్తాన్‌లో మీర్జా అహ్మద్ జమీల్ వేలకొలది కలిపిన రూపాలను చేతితో వ్రాసి ఇవ్వగా, నూరీ నస్తాలీఖ్ అనే పేరుతో అది మొదటిసారి యంత్రం మీద అచ్చుకు వచ్చినది. 1994 నుండి ఇన్‌పేజ్ అనే సాఫ్ట్‌వేరు దానిని డి.టి.పి. దుకాణాలకు చేర్చినది. ఉర్దూ ముద్రణకు దాని ఉపకారం చాల గొప్పది. కాని పాత ఇన్‌పేజ్ అక్షరాలను తన సొంత పద్ధతిలో దాచుకొనేది. అందులో కంపోజు చేసిన వ్యాసాన్ని ఇంకొక చోట తెరచి చదువబోతే వీలు కాదు. అదొక మూసిన పెట్టె.

సెల్‌ఫోనులు వచ్చిన తరువాత ఉర్దూ నస్ఖ్ లిపిలో, అనగా అరబీ అచ్చు వలె కనిపించసాగినది. చదువవచ్చును గాని మనసుకు ఎక్కదు. 2014లో గూగుల్ నోటో కుటుంబంలో నస్తాలీఖ్ ఉర్దూ ఫాంటును విడుదల చేసినది. 2017లో ఐఫోను 11వ సిస్టమ్‌లో నస్తాలీఖ్ వచ్చినప్పుడు, ఆపిల్ అందులో పెట్టినది ఈ నోటో ఫాంటునే. ఇద్దరూ బజారులో బద్ధ ప్రత్యర్థులు, కోర్టులలో పోట్లాడుకొనే కుటుంబాలు. అయినా ఒకరు చేసిన అక్షరాన్ని ఇంకొకరు వాడుకొనగలిగినారు. ఎందుకు? లైసెన్సు దానికి అనుమతి ఇచ్చినది గనుక. తెలుగులో పోతన, వేమన ఫాంట్లు, సురవరం వంటి ఫాంట్లు కూడా ఇట్లే స్వేచ్ఛగా దొరుకుతున్నవి.

ఫాంటు ఒక్కటే చాలదు. ఏ అక్షరం ప్రక్కన ఏది వస్తే వత్తు ఎక్కడ పడవలెను, నస్తాలీఖ్‌లో మాట ఎంత వాలవలెను అని లెక్క కట్టే భాగం మరొకటి కావలెను. ఐఫోనులో జ్ఞా దగ్గర తడబడినది ఇట్టి పని చేసే భాగమే. ఆండ్రాయిడ్‌లోను, ఫైర్‌ఫాక్స్‌లోను ఈ పని చేసేది హర్ఫ్‌బజ్ అనే ఓపెన్ సోర్స్ రచన. ఇరాన్‌లో పుట్టిన బెహ్‌దాద్ ఇస్ఫహ్‌బుద్ దీని ప్రధాన రచయిత. పేరు పారసీది. హర్ఫ్ అనగా అక్షరం, బాజ్ అనగా తెరచినది. ఉర్దూ మిత్రులకు విప్పి చెప్పనవసరం లేదు. మన కళాశాలలో తెలుగు నోటీసు, ఉర్దూ నోటీసు ఏ ఆండ్రాయిడ్ ఫోనులో చదివినా, రెండింటినీ కూర్చి చూపేది ఈ ఒక్క రచనయే.

కాపలా మాట

తాళం ఎందుకు వేసినారని అడిగితే కంపెనీలు ఒకటే జవాబు చెపుతవి: దొంగల భయం. దుకాణంలో ప్రతి యాప్‌ను పరీక్షించి పెడతామని, బయటినుండి వేసుకొంటే ప్రమాదమని అంటవి. ఇందులో నిజం లేకపోలేదు. గుర్తు తెలియని నంబరు నుండి పెండ్లి పత్రిక అని, బ్యాంకు కె.వై.సి. అని వచ్చిన ఫైలును నొక్కి డబ్బు పోగొట్టుకొన్నవారి వార్తలు తెలుగు పత్రికలలో తరచుగా వస్తున్నవి.

కాని మన తెలంగాణ అనుభవం ఇంకొక మాట కూడా చెపుతున్నది. 2020 డిసెంబరులో అప్పుల యాప్‌ల వేధింపులు భరించలేక కొందరు ప్రాణాలు తీసుకొన్నారు. లాక్‌డౌన్‌లో పని పోయి, అయిదు వేలకో పది వేలకో చేయి చాచినవారు వాళ్ళు. యాప్ వేసుకొనేటప్పుడే ఫోనులోని పేర్లు, నంబర్లు, ఫొటోలు చూడడానికి అనుమతి అడిగేది. వాయిదా తప్పిన మరునాడు బంధువులందరికీ ఫోన్లు వెళ్ళేవి, అవమానకరమైన చిత్రాలు వెళ్ళేవి. హైదరాబాదు, సైబరాబాదు పోలీసులు కాల్ సెంటర్ల మీద దాడులు చేసి అనేకులను అరెస్టు చేసినారు. డిసెంబరు 23న రిజర్వు బ్యాంకు ప్రజలను హెచ్చరించినది. ఈ యాప్‌లలో ఎన్నో దొంగచాటుగా వచ్చినవి కావు, కాపలా ఉన్నదని చెప్పబడిన ప్లే స్టోర్‌లోనే ఉన్నవి. 2021 జనవరిలో గూగుల్ వందలకొద్ది అప్పుల యాప్‌లను పరిశీలించి, నియమాలు మీరిన వాటిని తీసివేశామని చెప్పినది. ఆ సంవత్సరం నవంబరులో వచ్చిన రిజర్వు బ్యాంకు కార్యబృందపు నివేదిక ప్రకారం, రెండు నెలల పరిశీలనలో వివిధ దుకాణాలలో సుమారు 1,100 అప్పుల యాప్‌లు కనిపించగా అందులో 600 అక్రమమైనవి. అప్పుల యాప్ ఫోనులోని పేర్లు, ఫొటోలు చూడరాదన్న నియమం ప్లే స్టోర్‌లో 2023 మే 31 నుండి గాని అమలుకు రాలేదు. తెలంగాణలో మరణాలు జరిగిన రెండున్నర ఏండ్లకు!

కాపలా ఉన్నది, దొంగ కూడా లోపలనే ఉన్నాడు. ఇట్లని కాపలా వద్దనడం మా ఉద్దేశం కాదు. కాపలావాడే బజారుకు యజమాని అయినప్పుడు, ప్రతి అమ్మకంలో వానికి వాటా ఉన్నప్పుడు, వాడు ఎవరిని ఎంత త్వరగా ఆపుతాడు అన్నది అడుగదగిన ప్రశ్న. 2024 మార్చి 1న ఒక సంగతి జరిగినది. రుసుము చెల్లించలేదన్న తగవులో గూగుల్ కొన్ని భారతీయ కంపెనీల యాప్‌లను ప్లే స్టోర్ నుండి ఒక్కరోజులో తీసివేసినది. ఉద్యోగాలు వెదకే నౌకరీ, పెండ్లి సంబంధాల భారత్ మాట్రిమొనీ అందులో ఉన్నవి, ముస్లిం మాట్రిమొనీ కూడా పోయినది. కేంద్ర మంత్రి జోక్యం చేసుకొనగా కొద్ది దినాలలో తిరిగి పెట్టినారు. రుసుము న్యాయమైనదా కాదా అన్న వాదంలోకి మేము పోవడం లేదు. మేము చూసినది వేగాన్ని. తన రుసుము దగ్గర కాపలావాని చేయి ఎంత చురుకైనదో ఆ దినం తెలిసినది.

ఇటీవల ఈ తాళం మరి కొంత బిగిసినది. 2025 మార్చిలో గూగుల్ ఆండ్రాయిడ్ రచనను ఇక పూర్తిగా లోపలనే జరిపి, విడుదల సమయంలో మాత్రం కోడ్‌ను బయట పెడతామని చెప్పినది. ఆ ఆగస్టులో మరొక ప్రకటన వచ్చినది. ప్లే స్టోర్ బయటినుండి వేసుకొనే యాప్ అయినా సరే, దాని రచయిత తన గుర్తింపును గూగుల్ దగ్గర నమోదు చేసుకొని ఉండవలెనట. 2026 సెప్టెంబరులో బ్రెజిల్, ఇండోనేషియా, సింగపూర్, థాయిలాండ్ దేశాలలో మొదలై, 2027 నుండి ఇతర దేశాలకు విస్తరిస్తుందని ఆ ప్రకటనలో ఉన్నది. 2010 నుండి ఓపెన్ సోర్స్ యాప్‌లను మాత్రమే పంచుతున్న ఎఫ్-డ్రాయిడ్ అనే దుకాణం దీనిని గట్టిగా వ్యతిరేకించినది. నిరసనల తరువాత, అనుభవజ్ఞులకు వేరే దారి ఉంచుతామని గూగుల్ నవంబరులో చెప్పినది. మన విద్యార్థి ఒకడు సెలవులలో బీడీలు చుట్టే తల్లికి రోజు లెక్క వ్రాసుకొనే చిన్న యాప్ తయారు చేసి, ఆ ఫైలును నలుగురు పొరుగువారికి ఇచ్చినాడనుకొందాము. వాడు ఎవరి దగ్గర నమోదు కావలెను? ఎందుకు కావలెను? నేరస్థుల కొరకు వేసిన వల వీనికీ తగులుతుంది గదా.

ప్రత్యామ్నాయాలు లేవా అని అడుగవచ్చును. ఉన్నవి, అన్నీ కుంటుతూ ఉన్నవి. 2017లో వచ్చిన జియో ఫోనులోని కాయ్ ఓ.ఎస్., మోజిల్లా సంస్థ వదలిపెట్టిన ఓపెన్ సోర్స్ ఫైర్‌ఫాక్స్ ఓ.ఎస్. నుండి పుట్టినది. కోడ్ తెరచి ఉండబట్టే ఒకరు వదలినదానిని ఇంకొకరు ఎత్తుకొనగలిగినారు. కాని 2018లో వాట్సాప్ వచ్చేవరకు ఆ ఫోనుకు మన వైపు అంత విలువ రాలేదు. 2024 ఫిబ్రవరిలో ఫోన్‌పే కంపెనీ తెలుగు సహా పన్నెండు భారతీయ భాషలలో ఇండస్ యాప్ స్టోర్ తెరచినది. అయితే అది ప్లే స్టోర్‌లో దొరకదు. ఫోను కంపెనీ ముందే వేసి ఇవ్వవలెను, లేదా మనమే నేరుగా వేసుకొనవలెను. హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థ విద్యార్థులతో కలిసి తెలుగులో లినక్స్‌ను తీర్చిదిద్దినది. అది కంప్యూటర్లకు. ఫోను వరకు ఇంకా చాల దూరం ఉన్నది.

కళాశాల కమిటీ పెద్దలకు ఈ సందర్భంలో రెండు మనవులు. నోటీసులు, ఫీజు వివరాలు, హాల్ టికెట్లు ఏదో ఒక యాప్‌లో మాత్రమే ఉంచకుండా, ఏ ఫోనులోనైనా తెరచుకొనే విధంగా కూడా ఉంచవలెను. చిన్న ఫోను ఉన్న పిల్ల, పాత ఫోను ఉన్న పిల్ల మన దగ్గరే చదువుతున్నారు. రెండవది ఈ సంచికకు సంబంధించినది. తెలుగు, ఉర్దూ వ్యాసాలను ఇకమీదట యూనికోడ్‌లో, స్వేచ్ఛా ఫాంట్లతో కంపోజు చేయించినట్లయితే, పాత సంచికల వ్యాసాలకు డి.టి.పి. పెట్టెలలో పట్టిన గతి వీటికి పట్టదు.

ఇక మా విద్యార్థిని ప్రశ్నకు మిగిలిన సగం జవాబు. ఆ యాప్‌ను పూర్తిగా తీసివేయడానికి సెట్టింగులలో దారి లేకపోయినా, చాలావాటిని డిసేబుల్ చేసి నిద్రపుచ్చవచ్చును, మరునాడు తరగతిలో అది చేసి చూపినాము. అదే సెట్టింగులలో ఫోను గురించి చెప్పే చోట చట్టపరమైన సమాచారం అని ఒక పేజీ ఉంటుంది. దానిని నొక్కితే లైసెన్సుల జాబితా ఒకటి తెరచుకొంటుంది. ఎంత జరిపినా తరగనంత పొడవు. ఆ గంటలో సగం దానికే పట్టినది. పిల్లలు వేళ్ళతో జరుపుతూ జరుపుతూ పోయి, చివరకు ఆమెయే హర్ఫ్‌బజ్ పేరును కనుగొన్నది.